ఒళ్లో పెట్టిన పాప

విదేశీ విద్యార్థులకు మన పద్ధతులు నేర్పడం కాలేజీలో నా పని. "అందరూ నన్ను చూస్తారు, ఎవరూ నా పక్కన కూర్చోరు. వెళ్లిపోతాను" అంటోంది టాంజానియా నుంచి వచ్చిన అమీనా. ఆమెతో కలిసి ఎక్కిన అరకు బస్సులోనూ అందరి చూపూ ఆమె మీదే. నాకు గుబులుగా ఉంది.

ఘాట్ మలుపులో, నిలబడ్డ ఒకావిడ తన చంటిపాపను తిన్నగా అమీనా ఒళ్లో పెట్టేసింది.

"గుంటని కాస్త పట్టుకోమ్మా, నిలబడ్లేకపోతన్నాను."

అమీనా బిగుసుకుపోయింది. పాప గుక్కపట్టి ఏడిస్తే ఈ పిల్ల రేపే విమానం ఎక్కేస్తుందని భయపడి, నేను తీసుకోబోయాను.

"నువ్వుండమ్మా, ఆయమ్మ సూత్తాది" అందావిడ.

అనంతగిరిలో ఆవిడ, అమీనా ఒళ్లో నిద్రపోయిన పాపను ఎత్తుకుని, వెనక్కి చూడకుండా దిగిపోయింది.

ఇప్పుడు సిటీ బస్సులో సీటు దొరికితే చాలు, నిలబడ్డవాళ్ల బ్యాగులు అడిగి మరీ ఒళ్లో పెట్టుకుంటుంది అమీనా.