ఎడమకాలికి పని లేని బండి

మా అన్నయ్య బండి అమ్మకానికి పెట్టాడని తెలిసిన దగ్గర్నుంచి మా వీధిలో ప్రతివాడూ మెకానిక్కే. ఒకడు వచ్చి టైరుని కాలితో తంతాడు. ఇంకొకడు బానెట్ ఎత్తించి, ఎత్తాక ఏం చూడాలో తెలియక కాసేపు తల గోక్కుని, "ఇంజన్ బాగానే ఉన్నట్టుంది" అంటాడు. ఎందుకు బాగుండదు? మా అన్నయ్య తను వేళకి తిన్నా తినకపోయినా ఆ డీజిల్ పికప్‌కి మాత్రం వేళకి ఆయిల్ మార్చాడు. వాన పడితే ముందు బండి మీద పట్టా కప్పి, తర్వాత తను లోపలికొచ్చి తల తుడుచుకునేవాడు. అలాంటి బండిని ఊళ్ళో పనిలేనివాళ్ళంతా వచ్చి తంతుంటే నాకు ఒళ్ళు మండిపోయేది.

తన్నడం అయ్యాక అందరూ ఒకే చోటికి వచ్చేవాళ్ళు. డ్రైవరు తలుపు తీసి, తల లోపలికి పెట్టి, "ఇదేంటి, దీనికి క్లచ్ లేదే" అనేవాళ్ళు.

క్లచ్ ఉంది. కాలి కింద లేదు, చేతి కింద ఉంది. సీటు పక్కన గేరు రాడ్ వెనకాల, హ్యాండ్ బ్రేక్ లాంటి ఇనప లివర్ ఒకటుంటుంది. దాన్ని వెనక్కి లాగితే కిర్రుమని ఒక పన్ను దగ్గర ఆగుతుంది. అదే చేత్తో గేరు మార్చుకుని, మళ్ళీ లివర్ పట్టుకుని మెల్లగా వదలాలి. క్లచ్ పెడల్ ఉండాల్సిన చోట ఒక చెక్కపలక ఉంటుంది. దాని మీద మా అన్నయ్య ఎడమకాలు ఊరికే పడుకుని ఉంటుంది. ఆ కాలికి పుట్టిన రెండో ఏడే పోలియో వచ్చి చచ్చుబడిపోయింది.

నేను ఆయనకంటే చిన్నదాన్ని. అయినా బడికి వెళ్ళేటప్పుడు ఆయన సంచీ కూడా నేనే మోసేదాన్ని. మా వెనకాల ఇద్దరు ముగ్గురు పిల్లలు వరసగా నిలబడి, ఎడమకాలు ఈడుస్తూ, చెయ్యి మోకాలి మీద నొక్కుకుంటూ, అచ్చం ఆయనలాగే నడిచేవాళ్ళు. నేను రాళ్ళు ఏరుకునేదాన్ని. అన్నయ్య మాత్రం వెనక్కి తిరిగి చూసి, "వాడు కరెక్టుగా చేస్తున్నాడే, నువ్వే చూడు" అని నవ్వేవాడు. ఆయనకి కోపం రాదు. ఇంటికి రావాల్సిన కోపమంతా నా ఒక్కదానికే వచ్చిందని అమ్మ అనేది.

పెద్దయ్యాక తలుపుల కార్ఖానాలో చేరాడు. కూర్చుని తలుపులకి ఉప్పుకాగితం పట్టే పని. నున్నగా చేసిన తలుపుని బండివాళ్ళు తీసుకెళ్ళి, కొత్త ఇంటి ముందు ధన్‌మని పడేసి, అంచులు విరగ్గొట్టి వచ్చేవాళ్ళు. ఒకరోజు అన్నయ్య ఓనరుతో, "నేను దింపుతానండి" అన్నాడు. ఓనరు ఆయన కాలు వైపు చూసి నవ్వాడు. అన్నయ్య కూడా నవ్వి, పాత పికప్ ఒకటి కొని తెచ్చాడు.

వీధి చివర షెడ్డులో ముసలి మెకానిక్ ఒకాయన ఉండేవాడు. ఆయనా అన్నయ్యా కూర్చుని ఆ లివర్ తయారుచేశారు. ఒకసారి వేసి తీసేశారు, ఇంకోసారి వేస్తే వంగిపోయింది, మూడోసారి నిలబడింది. ఎక్కేటప్పుడు పట్టుకోవడానికి తలుపు పక్కన పిడి పెట్టారు. కింద ఇంకో మెట్టు వెల్డింగ్ చేశారు. వెనక తొట్టి అడుగున వరసగా రోలర్లు బిగించారు, వాటి మీద రబ్బరు తొడిగారు. దాంతో తలుపుని మోయక్కర్లేదు. ఒక చివర నేను తోస్తే చాలు, జారుకుంటూ వచ్చి అన్నయ్య భుజానికి ఆనేది. అలా మేమిద్దరం ఊళ్ళో సగం ఇళ్ళకి తలుపులు చేర్చాం. ఒక్క అంచు విరగలేదు. విరిగితే నేను ఊరుకుంటానా?

ఇప్పుడు ఆ ఎడమ భుజం పోయింది. ఇన్నేళ్ళు లాగీ లాగీ అరిగిపోయిందనీ, ఇక లాగితే చెయ్యి పైకి లేవదనీ డాక్టరు చెప్పాడు. ఉన్నది ఒక మంచి కాలు, రెండు చేతులు. అందులో ఒకటి పోగొట్టుకుంటే నడిచేటప్పుడు మోకాలి మీద నొక్కుకోవడానికి చెయ్యి కూడా ఉండదు. బండి కళ్ళెదురుగా ఉంటే ఊరుకునే మనిషి కాదు. నేను కూరగాయలకి వెళ్ళొచ్చేసరికి స్టార్ట్ చేసి వీధి చివరి దాకా వెళ్ళొచ్చేవాడు. అందుకే త్వరగా వదిలించుకుందామని నేను. ఆయనేమో ఒక పిచ్చి షరతు పెట్టి కూర్చున్నాడు.

అద్దం మీద అట్ట కట్టి, దాని మీద రాశాడు. బండి అమ్మబడును. చేతి క్లచ్ తీసేసేవాళ్ళు అడగవద్దు. నాలాంటి కాలు ఉన్నవాళ్ళకి బేరం లేదు, వాళ్ళెంతంటే అంత.

"నీలాంటి కాలున్నవాళ్ళు ఎంతమంది ఉంటారు? అందులో పికప్ కొనేవాడు ఎవడుంటాడు?" అన్నాను.

"ఒక్కడు ఉంటే చాలు కదే."

"ఆ ఒక్కడు వచ్చేసరికి నీ భుజం ఊడి చేతిలోకొస్తుంది."

"నాకు ఇలాంటి బండి ఎవడైనా రెడీగా అమ్మి ఉంటే అంతకు ముందు అన్నేళ్ళు ఉప్పుకాగితం పట్టేవాణ్ణా?" అన్నాడు. నేను విసురుగా వంటింట్లోకి వెళ్ళిపోయాను.

వచ్చినవాడల్లా లివర్ కోయించేస్తాననేవాడే. పాత బళ్ళు అమ్మిపెట్టే బ్రోకరు ఒకడైతే రోజూ వచ్చి చెవిలో జోరీగలా రొద. "పెడల్ పెట్టించి ఇస్తే రేపే పోతుంది అన్నా. ఇలా ఉంచితే దీన్ని నువ్వే చూసుకుంటూ కూర్చోవాలి." అన్నయ్య తల అడ్డంగా ఊపేవాడు. నేను లోపల్నుంచి గిన్నెలు గట్టిగా పెట్టేదాన్ని.

ఒకరోజు పొద్దున్నే ఆ బ్రోకరు ముఖం వెలిగిపోతూ వచ్చాడు. వెనకాల చేతికర్ర పట్టుకుని ఒకతను. ఎడమకాలు ఈడుస్తున్నాడు. నడిచేటప్పుడు చెయ్యి మోకాలి మీద నొక్కుకుంటున్నాడు. గుమ్మం దగ్గర ఆగి, "ఈ బండి గురించి విన్నప్పటి నుంచీ నిద్ర లేదన్నా. ఇన్నాళ్ళూ ఎవరో ఒకరి కిందే పని చేశాను" అన్నాడు.

మా అన్నయ్య ముఖం చూడాలి అప్పుడు. కుర్చీలోంచి లేచి, అతన్ని కూర్చోబెట్టి, తను నిలబడ్డాడు. నేనూ కరిగిపోయాను. నిజం చెప్పాలి కదా. టీలో చక్కెర ఇంకో చెంచా ఎక్కువ వేశాను. ఆ చెంచా చక్కెర ఇప్పటికీ వెనక్కి లాక్కోవాలనిపిస్తుంది.

అన్నయ్య బండి మొత్తం తిప్పి చూపించాడు. పిడి ఎలా పట్టుకుని ఎక్కాలో, రోలర్లకి ఎన్నాళ్ళకోసారి గ్రీజు పెట్టాలో, చలికాలం పొద్దున స్టార్ట్ చేసేముందు ఎంతసేపు ఆగాలో. ఆడపిల్లని కాపురానికి పంపే తండ్రిలా ఒక్కొక్కటే అప్పగింతలు పెట్టాడు. కర్ర మనిషి అన్నింటికీ తలూపాడు. చేతి క్లచ్ ఇంతకు ముందు నడిపానన్నాడు. ఖాళీ స్థలంలో రెండు చుట్లు బాగానే తిప్పాడు కూడా. తర్వాత రోడ్డు మీద ట్రయల్‌కి బయల్దేరాం. అతను స్టీరింగ్ దగ్గర, మధ్యలో గేరుకి అడ్డం రాకుండా మోకాళ్ళు ముడుచుకుని నేను, అటు పక్క అన్నయ్య. వెనక తొట్టిలో బ్రోకరు.

ఊరు దాటి చాలా దూరం వెళ్ళాం. మెల్లగానే నడుపుతున్నాడు. అన్నయ్య కిటికీ మీద చెయ్యి ఆనించి, "చూశావా, వచ్చాడా లేదా" అన్నట్టు నా వైపు చూస్తున్నాడు. ఇంతలో పక్క సందులోంచి నీళ్ళ ట్యాంకరు ఒకటి వెనక్కి వెనక్కి వస్తూ రోడ్డు మీదికి వచ్చేసింది.

కర్ర మనిషి కుడికాలు బ్రేకు మీద పడింది. ఎడమకాలు లేచి, క్లచ్ పెడల్ ఉండాల్సిన చోట చెక్కపలక మీద ధబ్‌మని తొక్కింది.

బండి ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది. ట్యాంకరువాడు ముందుకి వెళ్ళిపోయాడు. ఇంజన్ చప్పుడు లేదు. నా మోకాలి పక్కనే ఆ కాలు ఇంకా పలకని గట్టిగా నొక్కి పట్టుకుని ఉంది. మడమ, పిక్క, తొడ అన్నీ బిగిసి ఉన్నాయి. ఏళ్ళ తరబడి పెడల్ తొక్కిన కాలు. అన్నయ్య ముందుకి వంగి ఆ కాలునే చూస్తున్నాడు. కర్ర మనిషికి అప్పుడు గుర్తొచ్చింది. మెల్లగా కాలు వెనక్కి లాక్కుని, మళ్ళీ చచ్చుబడినట్టు వాల్చాడు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "ఒరేయ్" అని అతని కర్ర చేతిలోకి తీసుకున్నాను. ఆ కాలు నిజంగానే పనికిరాకుండా చేసి పంపుదామనుకున్నాను. అన్నయ్య నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

అతను నీళ్ళు నమిలాడు. "అన్నా, బ్రోకరే చెప్పాడు. నీకు ఇలాంటివాళ్ళంటే జాలి అని, బేరం ఆడవని. పెడల్ పెట్టించి నడుపుకుందామని..."

"నా నడక ఎక్కడ నేర్చుకున్నావు?" అన్నాడు అన్నయ్య. గొంతు మెల్లగానే ఉంది. నేను పుట్టి బుద్ధెరిగాక ఆయన నోట అలాంటి గొంతు వినలేదు.

అతను తల దించుకుని చెక్కపలక వైపు చూశాడు.

"మొన్న సందు మొదట్లో నిలబడి చూశావా నన్ను? చెయ్యి మోకాలి మీద ఎక్కడ నొక్కుతానో కూడా చూశావు. బళ్ళో పిల్లలు నాలాగా నడిచేవాళ్ళు. చిన్నపిల్లలు, నవ్వుకోవడానికి నడిచేవాళ్ళు. నువ్వు బేరానికి నడిచావు. దిగు."

"అన్నా, ఇక్కడ బస్సు కూడా..."

"దిగు. నడిచి పో. దేవుడిచ్చిన కాళ్ళున్నాయి కదా."

బ్రోకరు వెనక నుంచి అద్దం కొడుతూ ఏమైందంటున్నాడు. నేను తల బయటపెట్టి, వాడికి ఏమైందో నాకొచ్చిన నాలుగు మాటల్లో చెప్పాను. ఆ మాటలు ఇక్కడ రాయను. తొట్టి దిగి తోక ముడిచాడు. కర్ర మనిషికి కర్ర విసిరేశాను. దాన్ని చంకలో పెట్టుకుని, బ్రోకరు పక్కన చక్కగా, దిట్టంగా నడుచుకుంటూ పోయాడు. అంత మంచి కాళ్ళు పెట్టుకుని.

అన్నయ్య చుట్టూ తిరిగి వచ్చి, పిడి పట్టుకుని ఎక్కి, స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. ఎడమచెయ్యి లివర్ మీద వేసి లాగాడు. ముఖం తెల్లబడిపోయింది. చెయ్యి జారి ఒళ్ళో పడింది.

"రావట్లేదే" అన్నాడు.

"జరుగు. నేను లాగుతాను. ఎప్పుడో చెప్పు."

"లాగు."

లాగాను. కదల్లేదు. రెండు చేతులూ వేసి, కాలు డాష్‌బోర్డుకి తన్నిపెట్టి లాగితే కిర్రుమని వచ్చింది. అన్నయ్య తాళం తిప్పి స్టార్ట్ చేసి, వంకరగా వంగి, కుడిచేత్తో గేరు వేశాడు. వదలమంటే మెల్లగా వదిలాను. బండి కదిలింది. నా భుజం దగ్గర ఏదో పట్టేసింది. అన్నేళ్ళు ఆయన పక్కన కూర్చున్నాను. కబుర్లు చెబుతూ, నవ్వుతూ, పూలతీగని లాగినట్టు లాగేవాడు దాన్ని. నేను ఒక్కసారి కూడా చెయ్యి వేసి చూడలేదు.

"ఇంత గట్టిగా ఉంటుందా ఇది?"

"మొదట్నుంచీ అంతే."

"మరి చెప్పలేదేం?"

"చెబితే నువ్వు నడపనిచ్చేదానివా?"

ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియక కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. కాసేపటికి ఆయనే అన్నాడు. "ఇంటికెళ్ళాక ఆ అట్ట పీకెయ్. మెకానిక్‌ని పిలిచి లివర్ కోయించేద్దాం. పెడల్ పెట్టించి ఎవడో ఒకడికి ఇచ్చేద్దాం. నువ్వు చెప్పిందే నిజం."

ఆ మాట కోసం నేను నెలల తరబడి పోరాను. గిన్నెలు సొట్టలు పడేదాకా పోరాను. తీరా ఆయన నోటి నుంచి వస్తే నాకు ఒళ్ళంతా భగ్గుమంది.

"నోర్మూసుకుని స్టీరింగ్ చూడు" అన్నాను. అన్నయ్యని ఆ మాట అనడం అదే మొదలు. "మెకానిక్‌ని పిలుస్తాను. కోయించడానికి కాదు. ఆ లివర్ పొడుగు చేయించడానికి. పొడుగైతే తేలిగ్గా వస్తుంది. ఈసారి ముందు నేను లాగి చూస్తాను. నా ఒక్క చేత్తో వచ్చేదాకా ఆయన్ని షెడ్డులోంచి కదలనివ్వను."

"ఇప్పుడెందుకే? నేనింక నడపను కదా."

"నీకోసం కాదు. ఆ ఒక్కడు వస్తాడన్నావుగా. వాడి భుజమైనా మిగలాలి."

ముందు రోడ్డు మలుపు తిరుగుతోంది. "గేరు తగ్గించాలి, లాగు" అన్నాడు. నేను రెండు చేతులూ వేసి లాగాను.