తాబేలు పాఠం

కంచరపాలెంలో రైలు పట్టాలకు ఆనుకుని ఉన్న ఆ వీధిలో ఒకప్పుడు కేథరిన్ పేరు చెబితే ఆడవాళ్లు బుగ్గలు నొక్కుకునేవారు. ఉద్యోగం ఇంట్లోంచే, పిల్ల చదువూ ఇంట్లోనే, మధ్యలో పొయ్యి మీద కూర కూడా మాడదు. "నీకు నాలుగు సేతులున్నాయేటే?" అని ఎదురింటావిడ అడిగితే కేథరిన్ నవ్వి ఊరుకునేది. అలా నవ్వి ఊరుకోవడమంటే ఒప్పుకోవడమే. ఆ నవ్వు ఇప్పుడు గుర్తొస్తే ఆమెకు తల కొట్టేసినట్టుంటుంది.

కరోనా వచ్చిన ఏడాది ఆమె కూతురు ఆశాజ్యోతి ఒకటో తరగతిలో చేరాలి. బళ్లు మూతపడ్డాయి. రుషికొండలో కేథరిన్ పనిచేసే కాల్ సెంటరు వాళ్లు కంప్యూటరు, హెడ్‌సెట్ ఇచ్చి ఇంటి దగ్గరే కూర్చుని పనిచేయమన్నారు. భర్త జాక్సన్‌కు అచ్యుతాపురం ఫ్యాక్టరీలో షిఫ్టులు, ఇంటికొస్తే నిద్ర. మిగిలింది అత్తగారు విమలమ్మ. మరుసటేడు బళ్లు తెరిచారు గానీ, వీధి చివర ఆశను చేర్చాలనుకున్న చిన్న బడి మాత్రం మళ్లీ తెరుచుకోలేదు. ఇంకో బళ్లో వేద్దామన్నాడు జాక్సన్. ఇంట్లో ఇంత చక్కగా చదువుతున్న పిల్లకి బడెందుకని కేథరిన్ పట్టుబట్టింది. అతను ఆవులించి సరేనన్నాడు.

ఆమె పద్ధతి ఆమెకుంది. తెల్లారి ఏడింటికి ఆ రోజు పాఠాన్ని గట్టిగా చదివి పాత ఫోన్లో రికార్డు చేసేది. తొమ్మిదింటికి హెడ్‌సెట్ తగిలించుకుందంటే సాయంత్రం ఆరు దాకా ఊరూ పేరూ తెలియని వాళ్ల ఫిర్యాదులు. పక్కనే చాప మీద ఆశ, ఒళ్లో పుస్తకం, చెవుల్లో అమ్మ గొంతు. నియమం ఒక్కటే. అమ్మ అరచెయ్యి ఎత్తితే పిల్ల నోరు విప్పకూడదు. మొదట్లో ఆశ మరిచిపోయి, "ఈ అక్షరం తల మీద ఇదేటమ్మా?" అని అడిగేది. చెయ్యి లేచేది. కాల్ అయ్యాక చెబుదామనుకునేలోగా ఇంకో కాల్ వచ్చిపడేది. నెల తిరిగేసరికి ఆశ అడగడం మానేసింది. పిల్లకి బుద్ధొచ్చిందని తల్లి సంబరపడింది. రెండు పడవల మీద కాళ్లు పెట్టిన మనిషికి కాసేపు ఏ పడవా కదలకపోతే అదే పెద్ద నేర్పులా కనిపిస్తుంది మరి.

సాయంత్రం హెడ్‌సెట్ తీసి చదవమంటే ఆశ పుస్తకం తెరిచి, వరస కింద వేలు పెట్టి గడగడా అప్పజెప్పేది. కాపీ రాయమంటే ముత్యాల్లాంటి అక్షరాలు. ఆ తర్వాత ఇంటి ప్రార్థన. విమలమ్మ దేవుడి పుస్తకం ఒళ్లో తెరుచుకుని, వేలు జరుపుతూ కీర్తన చదివేది. పక్కన మనవరాలు కూడా అదే చేసేది. చర్చిలో కంఠత వాక్యాల పోటీలో ఆశకు మొదటి బహుమతిగా స్టీలు డబ్బా వచ్చింది. కేథరిన్ దాన్ని వంటింట్లో అందరికీ కనబడేచోట పెట్టింది.

రెండేళ్లయ్యాక కంపెనీ అందరినీ ఆఫీసుకు రమ్మంది. కేథరిన్ కూతుర్ని పట్టాలకు అవతలున్న బడికి తీసుకెళ్లి మూడో తరగతిలో చేర్చుకోమంది. నాగశ్రీ టీచరు తెలుగు పుస్తకం తీసి ఒక పేజీ చదవమంది. పేజీ మీద రైలు బొమ్మ ఉంది. ఆశ మొదటి వరస కింద వేలు పెట్టి, ఏమాత్రం తడబడకుండా, "అనగనగా ఒక చెరువులో ఒక తాబేలు ఉండేది" అని మొదలుపెట్టింది. టీచరు పేజీ తిప్పింది. తాబేలు ఆగలేదు. పిల్ల పెంకితనం చేస్తోందనుకుని కేథరిన్ దాని జబ్బ మీద గిల్లింది. టీచరు వద్దని ఆపి, బోర్డు మీద "మేక" అని రాసి అడిగింది. ఆశ ఆ మాట వైపు, అమ్మ వైపు చూసి తల దించుకుంది.

ఇంటికొచ్చాక కేథరిన్ చీపురు పట్టుకుని నిలబడింది. ఇన్నాళ్లూ దొంగ చదువు చదివావా అని కేకలేసింది. ఆశ ఏడ్చింది గానీ, ఆ ఏడుపులో తప్పు చేసిన భయం లేదు. తనేం తప్పు చేసిందో దానికి అర్థమే కాలేదు.

"సదివేనమ్మా. మామ్మ సదివినట్టే సదివేను."

విమలమ్మ బియ్యం చేట కింద పెట్టింది.

"నాకు అచ్చరం ముక్క రాదే అమ్మీ," అంది. "సిన్నప్పుడు మా యమ్మ నోటితో సెప్పింది నోటితోనే నేర్సుకున్నాను. పుస్తకం అట్టుకోకపోతే నలుగుర్లో సిన్నతనంగా ఉంటాదని అట్టుకుంటన్నాను. జాక్సన్‌కీ తెలీదు. అది ఏలు పెట్టి అంత బాగా సెబుతుంటే దానికి సదవడం వచ్చిందనుకున్నాను. నాకే రానిది, నాకెలా తెలుత్తాదే?"

కేథరిన్ చీపురు మూల పడేసి అక్కడే కూలబడింది. పిల్ల మోసం చెయ్యలేదు. పుస్తకం తెరవాలి, వేలు పెట్టాలి, విన్నది చెప్పాలి, చదవడమంటే ఇదేనని ఆ ఇంట్లో దానికి రోజూ కళ్లెదుట చూపించారు. కాదమ్మా, ఇదిగో ఇలా అని చెప్పాల్సిన మనిషి పక్కనే, నాలుగడుగుల దూరంలో, చెయ్యి ఎత్తుకుని కూర్చుంది.

అక్షరాలు తర్వాత వచ్చాయి. నాగశ్రీ టీచరు రోజూ బడి వదిలాక ఒక గంట కూర్చోబెట్టి గుణింతాల దగ్గర్నుంచి దిద్దించింది. పక్కన విమలమ్మ కూడా పలక పట్టుకుని కూర్చునేది. ఆమెకిప్పుడు దుకాణాల బోర్డులు చదవడం వచ్చు. ఆశ ఆరో తరగతి, చేతికి దొరికిన కాగితమల్లా చదువుతుంది. పోయిందనుకున్న చదువు దక్కింది కదా అని జాక్సన్ జరిగింది మర్చిపోయాడు. కేథరిన్ మర్చిపోలేదు.

మొన్న ఆదివారం చర్చి నుంచి వచ్చాక ఆమె కత్తిపీట ముందు కూర్చుని వంకాయలు తరుగుతోంది. ఎదురుగా ఆశ సైన్సు పుస్తకం చదువుకుంటూ ఒకచోట ఆగింది. వేలు ఒక మాట కిందే ఉండిపోయింది. తలెత్తి అమ్మ వైపు చూసింది. ముఖం వైపు కాదు, ముందు చెవుల వైపు. చూసి మళ్లీ తల దించుకుంది. ఆ చూపు కేథరిన్‌కు కొత్త కాదు. మూడేళ్లుగా చూస్తూనే ఉంది.

"సెవులకి హెడ్‌సెట్టేటీ లేదు తల్లీ. అడుగు," అంది.

"పర్లేదమ్మా. నువ్వు పని సూసుకో."

కేథరిన్ కత్తిపీట పక్కకు జరిపి, చేతులు కడుక్కుని, కూతురి పక్కన వచ్చి కూర్చుంది. ఆశ జరిగి అమ్మకు చోటిచ్చింది. తర్వాత పుస్తకం మూసి ఒళ్లో పెట్టుకుని, కాల్ అయిపోయేదాకా కూర్చున్నట్టే, నోరు మెదపకుండా కూర్చుంది.