నా పేరు ఐరేని

మా చిన్నప్పుడు ఊర్ల పెండ్లి డప్పు మోగిందంటె పిల్లలంత బయటికి ఉరికేటోళ్లు... నేనొక్కదాన్ని ఇంట్లకు ఉరికి వడ్లు పోసే గుమ్మి ఎనుక దాక్కునేదాన్ని.

ఎందుకంటరా? నా పేరు ఐరేని! మా దిక్కు పెండ్లికి కుమ్మరోళ్ల ఇంటి నుంచి సున్నం, ఎర్రమట్టి జాజు పూసి తెచ్చే కుండలను ఐరేని కుండలంటరు. గా కుండలు బజార్లకు రాంగనె పోరగాండ్లు మా ఇంటి ముంగట చేరి, "ఓ ఐరేనీ... నిన్ను నెత్తిన పెట్టుకొని తెస్తున్నరే!" అని ఒర్రేటోళ్లు. సిగ్గుతోటి సచ్చిపోయేదాన్ని.

అరవైలల్ల ముచ్చట ఇది. నేను పుట్టింది పాలమూరు దవాఖానల. కాన్పు చేసిన తెల్ల దొరసాని డాక్టరమ్మ నన్ను ఎత్తుకొని "ఐరీన్" అని పేరు పెట్టిందట. నన్ను కన్న మా అవ్వకు అది "ఐరేని" అని ఇనవడ్డది. ఇంక అంతే... గదే ఖాయమైంది.

బడికి కొత్తగ వచ్చిన సారు ఒక్కడే నా పేరు, అది వచ్చిన కత ఇని నవ్వలె. "ఐరీన్ అంటె గ్రీకు దేశపోళ్ల దేవత పేరు పిల్లా. ఆ మాటకు అర్థమే శాంతి. మీ బాపును తోల్కరా, రిజిస్టర్ల శాంతి అనే రాస్త" అన్నడు.

అబ్బ, నా సంబురం జూడాలె! శాంతి... శాంతి... అనుకుంట ఇంటిదాక ఉరికిన. బాపు సరే అన్నడు. అవ్వ మాత్రం, "నా పానం పోయినా మార్చనియ్య" అన్నది.

"అందరు నవ్వుతున్నరే అవ్వా!" అని నేల మీద వడి పొర్లి పొర్లి ఏడ్సిన. బువ్వ ముట్టలె.

అప్పుడు అవ్వ నా పక్కన కూసున్నది. "నీ ముందు పుట్టినోళ్లకు మంచి మంచి పేర్లే పెట్టిన బిడ్డా... ఒక్కలు దక్కలె. గీ పేరుతోటి పిలిస్తె నువ్వు పలికినవు" అన్నది.

ఇగ గా పేరుల నన్ను పెట్టి తాళం ఏసినట్టయింది. కోపం అవ్వ మీదికి పోదు, ఇంకెవ్వరి మీద తియ్యాల్నో తెల్వదు. బాపు బడి దిక్కు పోనేలేదు. డప్పు సప్పుడు ఇనవడితె మల్ల గుమ్మి ఎనుకకే ఉరుకుడు... ఏండ్లకేండ్లు గట్లనే.

ఇప్పుడు పిల్ల పుట్టకముందే ఫోన్ల అర్థాలు ఎతికి పేర్లు పెడుతున్నరు. మంచిదే. నన్నైతె ఇప్పుడు అందరు మేడం అనో, పెద్దమ్మా అనో పిలుస్తరు... "ఐరేనీ" అని నోరార పిలిచేటోళ్లు ఒక్కలు మిగల్లె. గా పిలుపు కోసం పానం కొట్టుకుంటాంది.

మీకు పేరు పెట్టినోళ్లు ఎవరు? జర చెప్పుండ్రి... వాళ్లు ఉంటె ఇయ్యాలనే పోయి, ఆ పేరుతోటి ఒక్కపారి పిలిపిచ్చుకోండ్రి.