ముంగటి బస్తాలు, ఎన్క బస్తాలు

2018 యాసంగి పంట కాలం. మహబూబ్‌నగర్‌లో చిన్నచిన్న కంపెనీల డేటాబేస్‌లు సరిచేసి పెట్టడం నా పని. డేటాబేస్ అంటే కంప్యూటర్లో వివరాలు దాచే గోదాము అనుకోండి. ఒక్కో రకం సరుకు వివరాలకు ఒక్కో టేబుల్, దానికో పేరు ఉంటాయి. మక్తల్ దగ్గర పల్లీ విత్తనాలు అమ్మే సేటు ఒకాయన పొద్దున్నే ఫోన్ చేశాడు. "సారూ, జర జల్ది రా. కంప్యూటర్ ఏం చెప్తాందో సమజైతలేదు."

గోదాములో రెండు వరసల బస్తాలున్నాయి. ఒక వరస మొలక పరీక్షలో నెగ్గింది, రెండోది తప్పింది. పైకి మాత్రం గింజలన్నీ ఒకే తీరు. కంప్యూటర్లో 'ముంగట', 'ఎన్క' అని, అంటే ముందరివి, వెనకవి అని రెండు టేబుళ్లున్నాయి. 'ఎన్క' విత్తనం మంచిదని, 'ముంగట'ది పనికిరాదని శుభ్రంగా రాసి ఉంది. దీనికేనా నన్ను ఇంత దూరం పరుగెత్తించావని సేటును విసుక్కున్నాను.

"గా రాసింది నాకూ కనిపిస్తాంది సారూ. ఇప్పుడు ఎన్కయి అంటే ఏయి?"

హమాలీ మల్లయ్యను పిలిచాం. "కప్పు కురుస్తుంటే ఎన్కయి ముంగటికి తెచ్చినం. మల్ల లారీకి అడ్డమైతే జరిపినం. అన్ని జరిపినమో కొన్నే జరిపినమో యాదికి లేదు" అన్నాడు. పరీక్ష వివరాలు ఎక్కించింది జరపకముందా, జరిపాకనా? అది ఎవరికీ తెలియదు. ఆ టేబుళ్లు చేసినవాడు ఎద్దు ఈనిందంటే దూడను గాటికి కట్టెయ్యమనే రకం. సేటు నోట ఏ మాట వస్తే అదే పేరు పెట్టి పోయాడు.

చంద్రమ్మ అనే రైతు ట్రాలీ ఆటోతో గుమ్మం ముందే నిలబడి ఉంది. మిగతా దుకాణాల్లో పల్లీ విత్తనం అప్పటికే అయిపోయింది. "నాది ఎర్ర చెలక భూమి సారూ. నిన్న వానవడి పదునైంది. రెండు దినాలైతే ఆరిపోతది. ఏదో ఒకటి తేల్చుండ్రి" అంది.

"రెండింట్ల సగం సగం తీస్కపో" అన్నాడు సేటు.

"సగమే మొలిస్తె, మిగిలిన సగం బీడు వెట్టాల్నా?" అంటూ ఆమె ఖాళీ ఆటోతోనే వెళ్లిపోయింది.

ప్రతి బస్తాలోంచి గుప్పెడు తీసి తడి గోనెలో కట్టి ఉంచాం. మొలకలొచ్చేలోగా నేను టేబుళ్ల పేర్లు మార్చాను. పల్లీ రకం, పంట కాలం, లాట్ నంబరు కలిపి పేరు పెట్టాను. లాట్ అంటే ఒకే చోటినుంచి ఒకేసారి వచ్చిన సరుకు. ఐదారు రోజులకు మొలకలు చూసి, ఏ బస్తా ఏ లాటో తేల్చి అదే నంబరు బస్తాల మీదా రాయించాను. జాగా మారుతుంది, సరుకు మారదు. మారేదాన్ని పేరుగా పెట్టకూడదని అప్పటినుంచి ప్రతి ఆఫీసులో పోట్లాడుతూనే ఉన్నాను.

మంచి బస్తాలేవో తేలాక చంద్రమ్మకు నేనే ఫోన్ చేశాను.

"ఇప్పుడెందుకు సారూ, పదును ఆరిపాయె" అంది. "గింతకు తప్పు కంప్యూటర్దా, హమాలోళ్లదా?" అని అడిగింది.

ఇద్దరిదీ కాదమ్మా, పేరుది అందామనుకున్నాను. పేరు సరిగ్గా లేక చెలక బీడు పడిందంటే ఆమెకెలా ఉంటుంది?