పన్నెండు అడుగుల గైర్హాజరు

మా మేనమామను ఎవరైనా పేరు అడిగితే ముందు నంబరు చెబుతాడు. మూడువేల ఎనిమిదివందల పదహారు. ఫార్మసీ కౌన్సిల్ రిజిస్టరులో ఆయన పేరుకు ఎదురుగా ఉన్న నంబరు అది. ఆ నంబరున్న సర్టిఫికెట్టు మందుల షాపులో, లోపలికి వచ్చినవాళ్ల కళ్లకు సూటిగా తగిలే ఎత్తులో వేలాడుతుంది. పొద్దున షట్టరు ఎత్తగానే దాని అద్దం తుడిచాకే మిగతా పనులు. పక్కనే అత్తయ్య ఫోటో కూడా ఉంది గానీ, దాని దుమ్ము అత్తయ్యే దులుపుకోవాలి.

చుట్టాలందరికీ ఆయన హాజరు మామయ్య. ఫార్మసిస్టు స్వయంగా షాపులో లేనప్పుడు మందు చేతులు మారకూడదని చట్టం. చాలా షాపుల్లో సర్టిఫికెట్టు గోడమీద ఉంటుంది, దాని మనిషి ఎక్కడుంటాడో ఆ గోడకే తెలియాలి. మామయ్య అలా కాదు. మిన్ను విరిగి మీద పడ్డా కౌంటరు దగ్గరే ఉంటాడు. పెరట్లో ఉన్న బాత్రూమ్‌కి వెళ్లాల్సి వచ్చినా సరే, "ఫార్మసిస్టు లేరు, మందులు ఇవ్వబడవు" అన్న అట్టముక్క కౌంటరు మీద నిలబెట్టి, తెల్లకోటు విప్పి కొక్కేనికి తగిలించి మరీ వెళ్తాడు. కోటు ఎందుకు విప్పడం అని ఒకసారి అడిగాను. డ్యూటీలో లేనప్పుడు డ్యూటీ బట్టలు వేసుకోవడం మోసం కింద వస్తుందట.

ఆ నాలుగైదు నిమిషాలూ షాపు అత్తయ్యది. ఆవిడ ఫార్మసిస్టు కాదు కాబట్టి చప్పరించే బిళ్ల కూడా ఇవ్వకూడదు. అందుకని మాటలు ఇస్తుంది. దగ్గుతూ వచ్చినవాడితో వాళ్ల అన్నదమ్ముల తగువు మొత్తం చెప్పించి, మామయ్య వచ్చే వేళకు ఆ మనిషి దగ్గు సంగతే మరిచిపోయేలా చేయగలదు. ఇరవై రెండేళ్ల సాధన మరి.

ఇంతటితో ఆగితే మా మామయ్య ఎందుకవుతాడు? బాత్రూమ్‌కి వెళ్లిన ప్రతిసారీ రాసుకోవడానికి ఒక పుస్తకం పెట్టాడు. అట్టమీద "గైర్హాజరు పుస్తకం" అని అందమైన దస్తూరీ. వెళ్లిన వేళ, వచ్చిన వేళ, కారణం, సంతకం. కారణం దగ్గర ఎప్పుడూ "సొంత పని" అనే ఉంటుంది. కడుపు బాగాలేని రోజుల్లో మాత్రం "సొంత పని, అత్యవసరం." ఏడాదికొకటి చొప్పున అలాంటి పుస్తకాలు ఇరవై రెండు పోగయ్యాయి. వాటిని ఎవరూ అడగలేదు, ఎవరూ చూడలేదు. మామయ్య మాత్రం బీరువాలో పెట్టి తాళం వేశాడు.

కిందటేడుకు ముందటి ఏడు డ్రగ్ ఇన్‌స్పెక్టర్ తనిఖీకి వచ్చినప్పుడు మామయ్య సరిగ్గా పెరట్లో ఉన్నాడు. ఇన్‌స్పెక్టర్ అట్టముక్క చూసి తన పుస్తకంలో "ఫార్మసిస్టు లేరు" అని రాసుకున్నాడు. మూడు నిమిషాల్లో మామయ్య రాగానే నవ్వేసి ఆ రాసింది కొట్టేశాడు. ఆ పెద్దమనిషి అప్పుడే మరిచిపోయి ఉంటాడు. మామయ్యకు మాత్రం అన్నం సయించలేదు. వారం తిరక్కుండా నన్ను పిలిచాడు.

"అమ్మాయ్, కౌన్సిల్‌కి ఒక ఉత్తరం టైపు చెయ్యాలి."

ఆయన చెబుతుంటే నేను టైపు చేశాను. "అయ్యా, ప్రకటించిన వేళల్లో షాపు తెరిచి ఉండాలని ఒక నిబంధన. తెరిచి ఉన్నంతసేపూ ఫార్మసిస్టు ఉండాలని ఇంకొక నిబంధన. నాకు మూత్రపిండాలు రెండు ఉన్నవి. షాపు వెనక బాత్రూమ్‌లో ఉన్న ఫార్మసిస్టును హాజరు కింద లెక్కించాలా, గైర్హాజరు కిందా? దయచేసి తెలుపగలరు."

"మామయ్యా, ఇలాంటివి అడక్కూడదు. అడిగితే జవాబు వస్తుంది," అన్నాను.

"జవాబు కోసమే కదే అడిగేది!"

పద్నాలుగు నెలలకు జవాబు వచ్చింది. షాపుకూ బాత్రూమ్‌కూ ఉన్న దూరం తెలిసేలా కొలతలతో ప్లాన్ పంపమన్నారు. ఇక్కడ నా తెలివి గురించి చెప్పుకోవాలి. నేను ఇళ్ల ప్లాన్లు గీసే ఉద్యోగం చేస్తాను. టేపు పట్టుకుని వెళ్లి అంగుళం తేడా లేకుండా కొలిచాను. లైసెన్సు ఉన్న షాపు హద్దును ఎర్రగీతతో చూపించాను. ఆ గీత దాటి, పెరడు దాటి, బాత్రూమ్ తలుపు దాకా బాణం గుర్తు వేసి, "పన్నెండు అడుగులు" అని దిట్టంగా రాశాను. ఇంత చక్కని ప్లాన్ కౌన్సిల్ వాళ్లు పుట్టాక చూసి ఉండరని మామయ్య మురిసిపోయాడు. నేనూ పొంగిపోయాను. ఇద్దరం కలిసి వెళ్లి పోస్టు చేసి వచ్చాం.

నెల తిరిగేసరికి నోటీసు. మీరు స్వయంగా రాసిన ఉత్తరం ప్రకారం, మీరు స్వయంగా పంపిన ప్లాన్ ప్రకారం, మీరు షాపు తెరిచి ఉంచి రోజూ లైసెన్సు హద్దు దాటి వెళ్తున్నట్టు తేలింది. రిజిస్టరు నుంచి మీ పేరు ఎందుకు కొట్టివేయకూడదో విచారణకు హాజరై చెప్పండి. అంతవరకు షాపు మూసి ఉంచండి.

కొంప మునిగింది. ముంచింది ఎవరో నాకు బాగా తెలుసు. నా బాణం గుర్తు తలుచుకుంటే నా చెయ్యి నేనే విరుచుకోవాలనిపించింది.

షాపు మూతబడ్డ ఆ మూడు వారాలూ అత్తయ్య తల ప్రాణం తోకకు వచ్చింది. మామయ్య వంటింట్లో చేరి ఉప్పు డబ్బా మొదలుకొని అన్నిటికీ తయారైన తేదీ, గడువు తేదీ రాసి అంటించాడు. ఆవిడ కూర వండితే గిన్నెమీద "తెరిచిన రెండు గంటల్లో వాడవలెను" అని చీటీ. అయినా రోజూ పొద్దున వెళ్లి, షట్టరు సగం ఎత్తి, వంగి లోపలికి దూరి, సర్టిఫికెట్టు అద్దం మాత్రం తుడిచి వచ్చేవాడు. ఒకరోజు నేను తోడు వెళ్లాను. అద్దం తుడుస్తూనే అడిగాడు.

"పేరు కొట్టేసేటప్పుడు ఎర్ర ఇంకుతో కొడతారంటావా, నల్ల ఇంకుతోనా?"

మామయ్య చేసిన తప్పల్లా అందరికన్నా సరిగ్గా ఉండటమే. అటు తిరిగి ఏడ్చాను.

విచారణ రోజున ముగ్గురం వెళ్లాం. మామయ్య గైర్హాజరు పుస్తకాలు ఇరవై రెండూ రెండు సంచుల్లో మోసుకొచ్చాడు. "ఎందుకండీ, మన గొయ్యి ఇంకాస్త లోతుగా తవ్వడానికా?" అని అత్తయ్య మొత్తుకున్నా వినలేదు. రికార్డు దాచడం ఇంకో నేరమట.

గదిలో పొడవాటి బల్ల. విచారణ జరిపే ఉపసంఘంలో ఐదుగురు సభ్యులు ఉండగా ముగ్గురే వచ్చారు. మధ్యలో అధ్యక్షుడు, ఒక పక్కన ఫార్మసీ కాలేజీలో పాఠాలు చెప్పే మేడమ్, ఇంకో పక్కన కుర్చీలోనే కునుకు తీస్తున్న ఒక పెద్దాయన. మూలన గుమాస్తా, ఎవరు దగ్గినా రాసుకునే రకం. ముగ్గురికి ఒక్కరు తగ్గినా విచారణ చెల్లదని, మళ్లీ తేదీ ఇవ్వడానికి ఆరునెలలు పడుతుందని ఆ గుమాస్తాయే ముందుగా చదివి వినిపించాడు.

అందరికీ టీ వచ్చింది. అధ్యక్షుడు జేబులోంచి మాత్ర తీసి టీతో మింగాడు. మామయ్య కళ్లు ఆ మాత్ర మీదే ఉన్నాయి. అత్తయ్య వైపు వంగి, "ఒంట్లో నీరు తీసే మాత్ర. టీతో వేసుకుంటున్నారు. గంటలోపే పని చేస్తుంది," అని గుసగుసగా చెప్పాడు. పాపం, ఆయన ఆరోగ్యం గురించే చెప్పాడు. అత్తయ్య మాత్రం గోడ గడియారం వైపు చూసింది.

"ఏమయ్యా, ఈ సంచుల్లో ఏమిటి?" అన్నాడు అధ్యక్షుడు.

మామయ్య చెప్పాడు. అధ్యక్షుడు గుడ్లు తేలేశాడు. "అవన్నీ ఎవరు చూస్తారు? పక్కన పెట్టండి."

అత్తయ్య లేచి నిలబడింది. "అయ్యా, ఇరవై రెండేళ్లు రాశారు. కనీసం ఒక పుస్తకమైనా చదివి వినిపించనివ్వండి. మీకు పుణ్యం ఉంటుంది." మేడమ్ చదవనివ్వమంది. "ఏమండీ, మొదటి పేజీ నుంచి చదవండి. నిదానంగా," అంది అత్తయ్య.

మామయ్య గొంతు సవరించుకున్నాడు. "పది గంటల పదిహేడు నిమిషాలకు బయటికి. పది ఇరవై ఒకటికి లోపలికి. కారణం, సొంత పని. పన్నెండు గంటల నాలుగు నిమిషాలకు బయటికి..."

పది నిమిషాలకు పెద్దాయన గురక పెట్టాడు. ఇరవై నిమిషాలకు అధ్యక్షుడు కుర్చీలో అటు జరిగాడు. అరగంటకు ఇటు జరిగాడు. మామయ్య చదువుతూ వానాకాలం పేజీల్లోకి వచ్చేసరికి సొంత పనులు దగ్గరదగ్గరగా పడటం మొదలైంది. అధ్యక్షుడు కాలుమీద కాలు వేశాడు, తీశాడు, పెదవి కొరికాడు. "సొంత పని, అత్యవసరం" అని వినబడగానే లేచి నిలబడ్డాడు.

"మీరు కానివ్వండి. నేను అయిదు నిమిషాల్లో వస్తాను."

మామయ్య పుస్తకం మూసేశాడు. ముఖం పాలిపోయింది. "సార్, మీరు వెళ్తే ఇద్దరే మిగులుతారు. విచారణ చెల్లదు. మళ్లీ తేదీ ఆరునెలలకు... షాపు మూసే ఉంటుంది సార్."

నా మామయ్య నాకు తెలుసు. అందులో ఎత్తిపొడుపు లేదు, ఎత్తూ లేదు. నిబంధన ఉంది కాబట్టి గుర్తుచేశాడు.

"వరండా చివరే కదయ్యా బాత్రూమ్!" అధ్యక్షుడు దాదాపు గెంతుతున్నాడు. "అక్కడున్నా నేనిక్కడ ఉన్నట్టే లెక్క!"

మూలన గుమాస్తా కలం గరగరమంది.

"రాస్తున్నావేమిటయ్యా?"

"తమరు చెప్పిందే సార్. బాత్రూమ్‌లో ఉన్నా ఉన్నట్టే లెక్క, అని."

మేడమ్ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. "ఎన్ని అడుగులుంటుంది, ఆ వరండా?" అని అడిగింది. నా సంచిలో టేపు ఎప్పుడూ ఉంటుంది. ఈసారి నా చెయ్యి విరగాల్సిన పని లేదు. అధ్యక్షుడు ముందు పరుగెత్తుతుంటే వెనకాలే కొలుచుకుంటూ వెళ్లాను. ఆయన తలుపు వేసుకోగానే తిరిగొచ్చి చెప్పాను.

"నలభై ఒక్క అడుగులు, ఆరు అంగుళాలు."

అధ్యక్షుడు తిరిగొచ్చేటప్పటికి ముఖం ప్రశాంతంగా ఉంది. గదిలో అందరూ తనవైపే చూస్తున్నారు. గుమాస్తా రాసింది చదివాడు. నలభై ఒక్క అడుగుల దూరంలో ఉన్నవారు హాజరైనట్టు లెక్క అయితే, పన్నెండు అడుగుల దూరంలో ఉన్నవారి సంగతేమిటో తమరే సెలవివ్వాలని మేడమ్ వినయంగా అడిగింది. ఆయన మామయ్యను చూశాడు, సంచులను చూశాడు, మిగిలిన ఇరవై ఒక్క పుస్తకాలను తలుచుకున్నాడు కాబోలు.

"పేరు ఉంటుంది," అన్నాడు. "వెళ్లి షాపు తెరుచుకో నాయనా. ఆ అయిదు నిమిషాలూ మందు ఇవ్వకుండా ఉంటే చాలు, నువ్వు ఉన్నట్టే లెక్క."

మామయ్య అక్కడే బల్ల పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. గురక పెడుతున్న పెద్దాయన ఉలిక్కిపడి లేచి, "కొట్టేశారా?" అన్నాడు.

షాపు తెరిచిన రెండోవారంలో ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. కౌంటరు దగ్గర నేనూ అత్తయ్యా ఉన్నాం. అట్టముక్క లేదు, కొక్కేనికి కోటూ లేదు.

"ఫార్మసిస్టు ఎక్కడమ్మా?"

"ఉన్నారుగా," అంది అత్తయ్య, పెరటి వైపు చెయ్యి చూపించి.

ఇన్‌స్పెక్టర్ గొంతు పెంచి పిలిచాడు. పన్నెండు అడుగుల అవతల, మూసిన తలుపు వెనకనుంచి, వీధి వీధంతా వినబడేలా జవాబు వచ్చింది.

"మూడువేల ఎనిమిదివందల పదహారు! హాజరు సార్!"

ఇన్‌స్పెక్టర్ నవ్వుకుంటూ రాసుకుని వెళ్లిపోయాడు. మామయ్య తెల్లకోటుతోనే లోపలికి వచ్చి, చేతులు తుడుచుకుని, సొరుగులోంచి పుస్తకం తీసి వేళ రాసి సంతకం పెట్టాడు. ఇంకా ఈ పుస్తకం ఎందుకని విసుక్కోబోయి, అట్ట చూసి ఆగిపోయాను. పేరు అదే, దస్తూరీ అదే. "గైర్" అన్న ముక్క మీద మాత్రం స్కేలు పెట్టి ఎర్ర ఇంకుతో కొట్టేసి ఉంది.