మేకలు మేసిన రేగుచెట్టు

వేళ్ల మీద ఎండిపోయిన తెల్ల జిగురును గోటితో లాగితే పల్చటి పొరలా ఊడొస్తుంది. మధ్యాహ్నం క్రాఫ్టు పీరియడు అయిపోయాక పులివెందులలో మా బడి స్టాఫ్ రూములో కూర్చుని రోజూ చేసే పని అదే. పక్కన కూర్చునే లెక్కల మాస్టారికి అది చూస్తే ఒళ్లు జలదరిస్తుందట, మొహం అటు తిప్పుకుంటారు. నాకు మాత్రం ఆ జిగురు పుల్లటి వాసన ముక్కుకు తగిలితే చాలు, విశాలాక్షి మేడం గుర్తొస్తారు. గుర్తొచ్చాక కుర్చీలో కుదురుగా ఉండలేను. లేచి కిటికీ దాకా పోతాను, ఊరికే బయటికి చూసి వెనక్కి వస్తాను. ఆమె అప్పజెప్పిన పనేదో సగంలో వదిలేసి వచ్చినట్టు లోపల గుబులుగా ఉంటుంది.

మీలో ఎవరూ ఆమెను చూసి ఉండరు. జమ్మలమడుగులో ఒక ఆడపిల్లల బడిలో సైన్సు టీచరుగా పనిచేసేవారు. పొద్దుటూరులో గుడి పూజారి గారి పెద్దకూతురు. సన్నగా, పొట్టిగా, ఎప్పుడూ ఇస్త్రీ చెదరని నూలుచీరతో ఉండేవారు. ఆ బళ్లో నేను కాంట్రాక్టు మీద క్రాఫ్టు టీచరుగా చేరేనాటికి నాకు ఇరవై నాలుగేళ్లు. అప్పటికే రెండేళ్లలో మూడు ఉద్యోగాలు మారాను. బట్టల కొట్లో ఐదు నెలలు, కంప్యూటర్ సెంటర్లో ఎనిమిది, ఒక ప్రైవేటు బళ్లో మిగిలినవి. నా కాళ్లలో చక్రాలున్నాయని మా అమ్మ వచ్చినవాళ్లందరికీ చెప్పేది. పొద్దుటూరు నుంచి రోజూ బస్సులో పోయి వస్తూ, ఒళ్లో ఏదో ఒక పోటీ పరీక్ష పుస్తకం పెట్టుకుని, ఈ బడి కూడా మూడునాళ్ల ముచ్చటేనని అనుకునేదాన్ని.

కాగితపు పట్టీలను చుట్టి బొమ్మలు చేసే క్విల్లింగ్ నాకు కంప్యూటర్ సెంటర్లో ఉన్నప్పుడు వీడియోలు చూసి అబ్బింది. దాన్ని మొక్కల పాఠానికి ముడిపెట్టింది మాత్రం మేడమే. రంగు కాగితాలను సన్నటి పట్టీలుగా కోసేవాళ్లం. చుట్టడానికి కొనుక్కునే సూది అక్కర్లేదని, చీపురుపుల్ల కొసను బ్లేడుతో చీల్చి అందులో పట్టీని ఇరికించే ఉపాయం ఆమే కనిపెట్టారు. గట్టిగా చుడితే కాయ. వదులుగా విడిచి రెండు కొసలూ నొక్కితే ఆకు. ఇంతే విద్య. కానీ ఏ పిల్లా పుస్తకంలో బొమ్మ చూసి చేయకూడదు. దారిలోనో ఇంటి దగ్గరో ఒక మొక్కను వారం రోజులు చూసి, అప్పుడు బల్ల దగ్గరికి రావాలి. అందుకే మా తరగతిలో గులాబీలు పూయలేదు. సెనగ మొక్కలు, పత్తి మొక్కలు, తంగేళ్లు మొలిచాయి. ఒక పిల్లయితే బస్టాండు గోడలో మొలిచిన రావిమొక్కను గోడ పగులుతో సహా చేసింది.

పిల్లలు చేస్తున్నంతసేపూ మేడం రెండు చేతులూ వెనక్కి కట్టుకుని బల్లల మధ్య తిరిగేవారు. ఎవరి కాగితపు చుట్టనూ ముట్టుకునేవారు కాదు. నేనేమో దానికి పూర్తిగా వ్యతిరేకం. ఒక పిల్ల ఆకు వంకరపోతే చాలు, లాక్కుని చుట్టేసి ఇచ్చేదాన్ని. ఒకరోజు ఒక పాప ఆకు నిలబడటం లేదని ఏడుస్తుంటే నేను చెయ్యి చాపబోయాను. ఆమె నన్ను పక్కకు పిలిచి, ఎవరికీ వినపడకుండా అన్నారు.

"శారదా, నీ చేతులు శానా పని నేర్చినాయి. ఊరకుండేది కూడా నేర్పు వాటికి."

నాకు ఉక్రోషం వచ్చింది. పని చేస్తున్నదాన్ని పట్టుకుని ఊరకుండమంటే ఎవరికి రాదు? ఆ సాయంత్రం బస్సులో పొద్దుటూరు దాకా ఆమెను లోలోపల తిట్టుకుంటూనే వచ్చాను.

ఆరో తరగతిలో మల్లేశ్వరి అని ఒక పిల్ల ఉండేది. వాళ్లది జీవాలు మేపుకునే కుటుంబం. మేకలూ గొర్రెలూ కలిపి పెద్ద మంద. ఆ పిల్ల వారానికి రెండు రోజులు వస్తే మూడు రోజులు రాదు. అడిగితే మందతో పోయానని చెప్పేది. కానీ శుక్రవారం క్రాఫ్టు పీరియడుకు తప్పనిసరిగా వచ్చేది. ఆ ఒక్కదాని కోసమే బడి మానడం లేదని, లేకుంటే ఎండాకాలంలో మందతోపాటు దూరం తోలుకుపోయేవాళ్లమని వాళ్లమ్మ మేడంతో చెప్పిందట. మల్లేశ్వరి రేగుచెట్టు మొదలుపెట్టింది. మూడు శుక్రవారాలు పట్టింది. మాను, కొమ్మలు, ముళ్లతో సహా కుదిరాయి. ఆకులు మాత్రం చెట్టు పైభాగంలోనే అంటించింది. కింద సగం అంతా ఉత్త పుల్లలు. గీత గీసినట్టు ఆకులు ఒకచోట ఆగిపోయాయి.

సోమవారం బళ్లో ప్రదర్శన. పెద్ద అధికారులు వస్తారని హడావుడి. శనివారం మధ్యాహ్నం బడి వదిలాక పిల్లలు మొక్కలు అంటించిన చార్టులన్నీ గోడకు పెడుతూ ఆ రేగుచెట్టు దగ్గర ఆగాను. పాపం, సగంలో వదిలేసిందనుకున్నాను. అంతే, నా చేతులు ఆగలేదు. ఆకుపచ్చ పట్టీలు తీసి కూర్చుని, కింది కొమ్మలన్నిటికీ ముద్దుగా, ఒకే కొలతగా ఆకులు చుట్టి అంటించాను. అక్కడక్కడా ఎర్రటి కాయలు కూడా పెట్టాను. నిండు చెట్టు అయింది. దూరం జరిగి చూసుకుని, ఎంత మురిసిపోయానో చెప్పలేను.

సోమవారం వచ్చిన అధికారి అన్నిటినీ దాటుకుంటూ పోయి సరిగ్గా ఆ చెట్టు ముందే ఆగాడు. బాగుందని ఫోనుతో ఫోటో తీసుకున్నాడు. ఆయన పోయాక మల్లేశ్వరి వచ్చి నిలబడింది. చార్టును చూసింది, పక్క చార్టులను చూసింది, మళ్లీ నన్ను చూసింది.

"నా చెట్టు యాడ మేడం?"

ఇదేనని, కింద ఆకులు మర్చిపోతే నేనే పెట్టానని నవ్వుతూ చెప్పాను. ఆ పిల్ల నవ్వలేదు.

"మర్చిపోల్యా. కింద మేకలు తినింటాయి. ఈ చెట్టు యాడా లేదు."

అనేసి వెళ్లిపోయింది. మరునాడు రాలేదు. ఆ వారమంతా రాలేదు. శుక్రవారం క్రాఫ్టు పీరియడుకు కూడా రాలేదు. వాళ్ల వీధి పిల్ల వచ్చి చెప్పింది, మల్లేశ్వరి ఇంక బడికి పోనంటోందని, వాళ్ల నాయన కూడా సరేనన్నాడని, ఇంకో పది పదిహేను రోజుల్లో మంద తోలుకుని నల్లమల వైపు పోతారని. పరీక్ష పుస్తకం తెరిస్తే అక్షరాలు కదిలేవి. ఇన్ని ఉద్యోగాలు వదిలేసినదాన్ని, ఇది కూడా వదిలేసి పారిపోదామని ఒకపూట నిజంగానే అనుకున్నాను. పారిపోతే ఆ పిల్ల చదువు నా చేతుల మీదుగా ఆగిపోయినట్టే.

మేడంకు చెప్పాను. చీవాట్లు తప్పవనుకున్నాను. ఆమె అంతా విని, ఆ చెట్టు నువ్వు చూశావా అని అడిగారు. రేగుచెట్టులో చూసేదేముంది, మా ఇంటి వెనక కూడా ఉందన్నాను.

"అది మీ ఇంటెనక చెట్టు. ఆ పాపది చూసినావా? నేనూ చూడలేదు. పోయి చూసిరా."

ఆదివారం ముద్దనూరు దారిలో ఆటో దిగి, సెనగ కోసేసిన నల్లరేగడి చేలో వాళ్ల మంద దగ్గరికి నడిచాను. గట్టు మీద రేగుచెట్టు. ఒక మేక ముందుకాళ్లు కొమ్మకు ఆనించి నిలబడి, మెడ చాచి, అందినంత ఎత్తు వరకు ఆకు దూస్తోంది. ఆ మేక నోరు ఆగినచోట చెట్టు చుట్టూరా ఒక గీత. గీతకు పైన పచ్చగా ఉంది, కింద పుల్లలు. మల్లేశ్వరి చార్టు మీద పెట్టిన గీత అదే. ఆ చేలో అన్ని చెట్లకూ అంతే ఎత్తులో గీత ఉంది. ఇన్నాళ్లు బస్సు కిటికీలోంచి ఇలాంటి చెట్లనే చూస్తూ తిరిగాను కదా, ఒక్కనాడైనా నా కంటికి ఆనలేదు.

ఆ పిల్ల దోటితో పైకొమ్మ వంచి జీవాలకు ఆకు అందిస్తోంది. నన్ను చూసి కూడా పని ఆపలేదు. వాళ్లమ్మ మంచినీళ్లిచ్చి కూర్చోమంది.

"ఏం జరిగిందో మాకు చెప్పల్యా అమ్మా. బడికి పోనంటాది, అంతే. బలవంతంగా యాడ తోలేది?"

నేను మల్లేశ్వరి దగ్గరికి పోయి తప్పు చేశానని చెప్పాను. పెద్దవాళ్లు అలా చెప్పడం ఆ పిల్ల ఎప్పుడూ విననట్టుంది. దోటి దించి నేలకు ఆనించింది.

"ఆ ఆకులు పీకేయొచ్చునా?"

పీకితే చార్టు చినిగిపోతుందన్న మాట నోటిదాకా వచ్చింది. మింగేశాను. పీకేద్దామన్నాను.

"మీరు కాదు. నేనే పీకాల."

మంగళవారం బడికి వచ్చింది. గోటితో, చీపురుపుల్లతో నేను పెట్టిన ఆకులను ఒక్కొక్కటే ఊడదీసింది. రెండు పీరియడ్లు పట్టింది. మేడం నన్ను ఆ పిల్ల పక్కనే కూర్చోమన్నారు. నేను రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. ఆకుతోపాటు చార్టు పైపొర లేచిపోయి తెల్లటి మచ్చలు పడుతుంటే, కొత్త చార్టు తెస్తానని లేవబోయాను. మేడం నావైపు ఒక్కసారి చూశారు. కూర్చున్నాను. ఆ మచ్చలతోనే ఆ చెట్టు వరండాలో గోడకెక్కింది. కింద మల్లేశ్వరి తనే పేరు రాసుకుంది, 'మా మేకలు మేసిన రేగుచెట్టు' అని. ఆ ఎండాకాలం మంద నల్లమలకు పోయింది గానీ, పిల్ల అవ్వ దగ్గర ఉండిపోయింది. పదో తరగతి దాకా ఆ బళ్లోనే చదివింది. ఆ తర్వాతి సంగతి నాకు తెలీదు.

నన్నెందుకు తిట్టలేదని మేడంను చాలా రోజుల తర్వాత అడిగాను. తిట్టి ఉంటే నేను ఆమె మీద కోపం పెంచుకుని ఆ కోపంలో పిల్లను మర్చిపోయేదాన్నని అన్నారు. నా గురించి మా అమ్మకు కూడా అంత బాగా తెలియదు. ఆ బళ్లో నేను ఆరేళ్లు పనిచేశాను, ఆ తర్వాతే ఈ పులివెందుల బడికి వచ్చాను. పోటీ పరీక్షలు రాయడం ఎప్పుడు మానేశానో గుర్తులేదు.

మేడం రిటైరయ్యాక మైదుకూరులో చెల్లెలి ఇంట్లో ఉంటున్నారు. పోయిన నెల వెళ్లాను. ఆమెకు చేతులు వణికే జబ్బు వచ్చింది. వేళ్లకు పని పెట్టమని డాక్టరు చెప్పాడట, పట్టీలు ముందేసుకుని పసుపు మొక్క చేస్తున్నారు. పట్టీ పుల్ల చీలికలో దూరదు, దూరితే తిరగదు, తిరిగితే జారిపోతుంది. మూడోసారి జారినప్పుడు నా చెయ్యి దానంతట అదే పోయింది. లాక్కుని, క్షణంలో ఆకు చుట్టి ఆమె ముందు పెట్టాను. పెట్టాక గానీ ఏం చేశానో తెలియలేదు. ఆమె దాన్ని చూసి, బాగా చుట్టావన్నారు. కిటికీ గట్టు మీద జాగ్రత్తగా పెట్టి, ఇంకో పట్టీ తీసుకున్నారు.

లేచి గదిలో రెండు చుట్లు తిరిగి, వచ్చి కూర్చున్నాను. ఇంకా ఎన్నిసార్లు జారిందో లెక్కపెట్టలేదు. చివరికి ఒకటి నిలిచింది. వదులుగా, ఒక పక్కకు ఒరిగి, గాలికి వాలిన పసుపాకులాగే ఉంది. ఆమె దాన్ని కాగితం మీద ఆనించి ఒక కొస పట్టుకుని, తలెత్తి నన్ను పిలిచారు.

"ఇప్పుడు రా. ఆ కొస పట్టుకో. అంటుకునేదాకా కదిలించద్దు."

పట్టుకున్నాను. ఎంతసేపని అడగలేదు. ఆమె చేతి వణుకు ఆ కాగితపు ఆకులోంచి నా వేళ్లకు తెలుస్తూనే ఉంది. ఇప్పుడు తరగతిలో ఏ పిల్ల పని మీదికైనా చెయ్యి చాపబోతే, ముందుగా ఆ వణుకే నా వేళ్లకు తగులుతుంది. చెయ్యి వెనక్కి తీసుకుంటాను.