ఒక్క దవడ రోజా

మొన్న బస్టాండు దగ్గరి పళ్ళ డాక్టరు నా ఎడమ దవడ పన్ను ఊడబెరికి, దూది కుక్కి, "నాలుగు రోజులు ఒక్క దిక్కునే నమలుమ్మా" అని చెప్పి పంపించాడు. సాయంత్రం పెరుగన్నం మెత్తగా పిసుక్కొని కుడివైపుకు నెట్టుకొని నములుతుంటే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మా ఆయన చూసి, "మత్తు దిగినట్టున్నది" అన్నాడు. మత్తూ కాదు, మన్నూ కాదు. అట్లా ఒక్క వైపే నమలడం ఈ ఇంట్లో ఇదివరకు ఒకసారి చూశాను. ఆయనా చూశాడు. ఆయనకు గుర్తు రాలేదు, అంతే.

అప్పుడు మా బిడ్డ ఒకటో తరగతి. ఆయనకు ట్రాక్టర్ల కంపెనీలో వారానికో షిఫ్టు. నాకు మొగుడంపల్లి వైపు ఊళ్ళల్లో నర్సు ఉద్యోగం. పొద్దున బస్సు తప్పిపోతే చెరుకు లారీల వెనక దుమ్ము తింటూ రోడ్డు మీద నిలబడడమే. నేను బస్సెక్కిన చాలాసేపటికి గానీ బడి తెరవరు, నేను తిరిగి రావడానికి చాలా ముందే వదిలేస్తారు. ఆ రెండు సందుల్లో పిల్లను కనిపెట్టుకొని ఉన్నది మా వెనక గల్లీలో మిషను కుట్టే ఆమె. గల్లీ అంతా ఆమెను ఖాలా అనేది, అంటే చిన్నమ్మ. మేమూ అదే పిలుపు పట్టుకున్నాం. నిద్రమబ్బులో ఉన్న పిల్లను భుజాన వేసుకెళ్ళి ఆమె మంచం మీద దింపి నేను పరుగెత్తేదాన్ని. తరువాత సంగతంతా ఆమెదే. మొహం కడగడం, జడలు వేయడం, జాకెట్ల పీలికలతో ఆ జడలకు రోజుకో రంగు రిబ్బను కట్టడం. మధ్యాహ్నం ఆటో దిగిన పిల్ల తిన్నగా ఆ ఇంట్లోకే దూరేది. సాయంత్రం నేను వెళ్ళేసరికి మిషను నూనె వాసన, అల్లం చాయ్ వాసన, మిషను కింద గుడ్డముక్కల్లో కూర్చొని బొమ్మకు చీర చుడుతూ మా బిడ్డ. ఇంటికి రమ్మంటే ఏడుపు. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ ఏడుపు విన్నప్పుడల్లా నాకు కొంచెం అసూయ, చాలా నిశ్చింత.

ఆ ఏడు రంజాన్ బడులు తెరిచిన కొత్తలో పడింది. ఖాలా పగలంతా పచ్చి మంచినీళ్ళు ముట్టదు. మా బిడ్డ అది కనిపెట్టి, "నువ్వు తింటేనే నేను తింట, నేను గూడ రోజా ఉంట" అని మొండికేసింది. బుజ్జగించినా లాభం లేకపోయింది. రోజా ఉంటామని చిన్నపిల్లలు మారాం చేస్తే ఖాలా వాళ్ళ ఇళ్ళల్లో పెద్దవాళ్ళు ఒక ఉపాయం చేస్తారట. ఏక్ దాడ్ కా రోజా, ఒక్క దవడకే ఉపవాసం. ఈ వైపు పళ్ళతో కడుపునిండా తిను, ఆ వైపు పళ్ళు రోజా ఉంటాయి, దేవుడు లెక్కలో రాసుకుంటాడు. ఖాలా అదే చెప్పింది. పిల్ల మహా నిష్ఠగా కుడివైపే నములుతూ పళ్ళెం ఖాళీ చేసిందట. ఆ సాయంత్రం ఖాలా గుమ్మంలో నిలబడి నవ్వుతూ, "బేటీ, నీ బిడ్డ ఇయ్యాల రోజా ఉన్నది. గుడ్డుతోని రెండు రొట్టెలు తిని ఉన్నది" అంది. నవ్వుతున్న ఆ పెదాలు దాహానికి తెల్లగా పాలిపోయి ఉన్నాయి.

ఆ రోజుల్లోనే మా అత్తమ్మ మోకాళ్ళు దవాఖానాలో చూపించుకోవడానికి చిరాగ్‌పల్లి అవతల ఊరి నుంచి వచ్చింది. ఆదివారం అందరం తింటున్నాం. పిల్ల మెడ పక్కకు వాల్చి ఒక్క వైపే నములుతోంది.

"ఎందుకు బిడ్డా గట్ల తింటున్నవ్? పన్ను నొస్తున్నదా?"

"లేదు బాపమ్మా. ఆ దిక్కు పండ్లు రోజా ఉన్నయ్. ఖాలా చెప్పింది."

అత్తమ్మ చేతిలో ముద్ద పళ్ళెంలో పడింది. "నా మనుమరాలిని ఉపాసం పండవెడుతున్నదా ఆమె! ఇయ్యాల పండ్లకు, రేపు పిల్లకు, ఎల్లుండి ఇంకేం నేర్పుతదో!" శివరాత్రికి ఇదే పిల్ల చీకటి పడేదాకా ఏమీ తినకుండా ఉంటే వాడంతా చెప్పుకొని మురిసింది ఈవిడే.

"ఉపాసం ఉంచలే అత్తమ్మా, తినిపియ్యనీకే గట్ల చెప్పింది" అన్నాను.

"నీకు నౌకరి గావాలె. అందుకే ఆమె ఏం చేసినా నీ కండ్లకు మంచిగనే కనిపిస్తది" అంది.

నేను ఆయన వైపు చూశాను. ఆయన చెయ్యి కడుక్కొని వచ్చి, మెల్లగా, "ఖాలా మంచిదే, నాకు తెల్వదా? కానీ అమ్మతోటి ఎవరు కొట్లాడాలె? నలుగురి నోట్ల ఎందుకు పడాలె?" అన్నాడు. అత్తమ్మ మీద నా కోపం ఎప్పుడో చల్లారింది. ఆమెకు తెలియదు, తెలియక భయపడింది. అన్నీ తెలిసి చెయ్యి కడుక్కున్న మనిషి మీద కోపం మాత్రం ఇప్పటికీ చల్లారలేదు. అదే మనిషి మరునాడు వెళ్ళి, పిల్లను బడిలోనే ఉంచాలని బడివాళ్ళు పట్టుబడుతున్నారని ఖాలాకు అబద్ధం చెప్పి వచ్చాడు. అప్పటికే అత్తమ్మ గొంతు గోడ దాటి గల్లీ అంతా తిరిగింది. ఖాలా మా పిల్ల దువ్వెన, నీళ్ళ సీసా కడిగి చేతికిచ్చిందట.

బడిలో అప్పుడే ఒక గది తెరిచారు, బడి వేళకు ముందూ తరువాతా పిల్లలను ఉంచుకోవడానికి. గోడ మీద పెద్ద ఎలుగుబంటి బొమ్మ, ఒక టీవీ, నెలకో ఆయమ్మ. పొద్దున వాచ్‌మన్ తాళం తీసేదాకా పిల్ల మెట్ల మీద సంచి ఒళ్ళో పెట్టుకొని కూర్చునేది. టిఫిన్ డబ్బా పెట్టింది పెట్టినట్టే తిరిగి వచ్చేది. అడిగితే, "మేం ముందట పెట్టినమమ్మా, తినకపోతే మేమేం జెయ్యాలె?" అంది ఆయమ్మ. దానిదీ తప్పు కాదు. ముందర పెట్టడం వరకే దాని పని.

దసరా సెలవులు అయ్యాక ఎవరికీ చెప్పకుండా ఖాలా ఇంటికి వెళ్ళాను, పిల్లను మళ్ళీ ఉంచుకొమ్మని. ఆమె మిషను ఆపింది. ముందుగా అడిగింది, "బిడ్డ తింటున్నదా?" అని. లేదని తల ఊపాను. ఆమె ఒళ్ళోని గుడ్డ సవరించుకుంది.

"నారాజ్ గాకు బేటీ. నా దిల్‌ల ఏం లేదు. కానీ ఇప్పుడు ఎవరి పిల్లకు ముద్ద పెట్టాలన్నా ముందుగాల గల్మ తలుపు దిక్కు చూస్తున్న, ఎవరన్న చూస్తున్నరేమోనని. గట్ల భయపడుకుంట పెట్టిన ముద్ద పిల్లకు ఒంటవడుతదా?"

నేను గుమ్మం దాటుతుంటే మిషను చప్పుడు మళ్ళీ మొదలవలేదు.

మా బిడ్డ ఇప్పుడు ఇంటర్. మొన్న నేను ఒక్క వైపే నమలడం చూసి నవ్వింది. "ఏక్ దాడ్ కా రోజా" అన్నాను. "అంటే ఏంది మమ్మీ?" అంది. చెప్పాను. ఖాలా, మిషను, పీలికల రిబ్బన్లు, అన్నీ చెప్పాను. పాపం, బాగా ఆలోచించింది. ఏదీ గుర్తు రాలేదు. "బడిల గోడ మీద ఎలుగుబంటి ఉండె, అది గుర్తున్నది" అంది. ఆయన తలెత్తకుండా పేపరు చదువుకుంటున్నాడు. కాలం కూడా మా ఇంటి మనిషే అయినట్టుంది. ఎండిన నోటితోనే అన్నం పెట్టిన మనిషి చేతిని పంపించేసి, గోడ మీది బొమ్మను ఉంచుకుంది.